సర్వరు పంచిన పెద్దమనిషి

పోయిన నెల రాజాంలో బస్సు దిగేసరికి ఎదురుగా ఆయనే. నిలువెత్తు ఫ్లెక్సీ మీద, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, భుజాన జరీ కండువా. కింద పెద్ద పెద్ద అక్షరాలు: ధర్మమూర్తి, నిష్పక్షపాతి, ఎన్నో కుటుంబాలకు దారి చూపిన పెద్దదిక్కు. ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ ఫోటోలు ఆయన చుట్టూ వరసగా ఉన్నాయి, అన్నీ ఒకే కొలతలో. ఒకరిది పెద్దదీ ఒకరిది చిన్నదీ కాకుండా ఎవరో జాగ్రత్త పడ్డారు. బతికుంటే మెచ్చుకునేవాడు.

దారి చూపిన మాట అబద్ధం కాదు. మా ఇంటికి మూడు దారులు చూపించాడు, మూడూ మూడు వైపులకి.

పేరు రాయను. రాస్తే ఆయన కొడుకు బాధపడతాడు, ఆ అబ్బాయి మంచివాడు. అయినా రాజాం బజారులో ఆయనకి పేరుతో పని ఎప్పుడూ పడలేదు. 'పంపకాల మావ' అంటే కూరలమ్మే మనిషి కూడా ఇల్లు చూపించేది. మా అమ్మకి వరసకి అన్న, కాబట్టి నాకు మావయ్య. చుట్టుపక్కల వర్తకుల ఇళ్ళలో అన్నదమ్ములు వేరు పడాలంటే ముందు ఆయనకి కబురు వెళ్ళేది, తరవాతే వంటవాడికి. పంపకం రోజున భోజనాలు కూడా ఉంటాయి మరి.

ఆయన జేబులో ఎప్పుడూ చిన్న ఇత్తడి అడకత్తెర ఉండేది. ఏ ఇంట్లో కూర్చున్నా ముందు వక్క తీసి, కళ్ళజోడు సవరించుకుని, కటుక్కుమని రెండు చేసేవాడు. ఆ రెండూ అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసేవాడు, బరువు సరిపోయిందా లేదా అని. సరిపోలేదనిపిస్తే పెద్ద ముక్క అంచు ఇంకొంచెం కత్తిరించేవాడు. ఆ పొట్టు ఎవరికీ పనికిరాదు, కింద పడేది. పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం 'చూశారా ఆయన న్యాయం' అన్నట్టు తలలాడించేవారు. చిన్నప్పుడు నేనూ ఆడించాను. పిల్లల తల ఏముంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

"పంపకం అంటే కంటికి అగుపించాల" అనేవాడు. అది ఆయన వేదం. చేత్తో పట్టుకుని, కంటితో చూసి, ఇదిగో ఇది నీది, ఇదిగో ఇది వాడిది అని చెప్పగలిగితేనే న్యాయం. మిగతాదంతా ఆయన లెక్కలో మాటల గారడీ.

ఆయన న్యాయానికి సాక్ష్యంగా రాజాంలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు, అదీ గర్వంగా. బియ్యం వ్యాపారం చేసే ఇద్దరన్నదమ్ముల ఇంట్లో నల్లరాతి రుబ్బురోలు ఉండేదట. ఇద్దరు తోడికోడళ్ళూ అదే కావాలన్నారు. ఈయన క్షణం ఆలోచించకుండా రోలు పెద్దకోడలికి, పొత్రం చిన్నకోడలికి ఇచ్చేశాడు. ఆ తరవాత ఆ రెండిళ్ళలో దానితో పిండి రుబ్బిన పాపాన ఎవరూ పోలేదు. రోల్లో తులసి మొక్క వేశారు. పొత్రం గేటుకి అడ్డంగా పెట్టారు. కథ చెప్పేవాళ్ళు ఆ చివరి భాగం నవ్వుతూ చెప్తారు. వాళ్ళకి అందులో తప్పేమీ కనిపించదు. పిల్లుల తగువు తీర్చిన కోతి కనీసం రొట్టె తిన్నది. ఈయన తినేవాడు కాదు, ఒకరిని తిననిచ్చేవాడూ కాదు.

డబ్బు తీసుకునేవాడు కాదని పెద్ద పేరు. నిజమే, తీసుకోలేదు. కానీ ఏ పెళ్ళిలోనైనా మొదటి వరసలో మధ్య కుర్చీ ఆయనది. మొదటి విస్తరి ఆయనది. ఆయన నవ్వితే అందరూ నవ్వాలి, ఆయన లేస్తే అందరూ లేవాలి. కొందరికి జీతం అలా ముడుతుంది.

ఇక మా ఇంటి సంగతి. రాజాంలో మాది పెద్ద ఇల్లు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, అమ్మ, అందరూ కలిసే ఉండేవారు. పెద్దన్నయ్యది ధాన్యం వ్యాపారం, చిన్నన్నయ్యది ఇనప సామాను కొట్టు, తమ్ముడికి పాతపట్నంలో బట్టల దుకాణం. నేను విజయనగరంలో కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ, సెలవొస్తే బస్సెక్కి పుట్టింటికి వెళ్ళేదాన్ని.

వెళ్ళిన ప్రతిసారీ ఒకటే గోల. "వదినా, ఫోను నిండిపోయింది." "అత్తా, ఫోటో తియ్యనివ్వట్లేదు." అందరి ఫోన్లలోనూ పెళ్ళిళ్ళు, బారసాలలు, పిల్లల గంతులు, పొద్దున్నే పంపుకునే పూల బొమ్మలు. పెళ్ళి వీడియోలు సీడీల్లో ఉండేవి, సీడీలు బూజు పట్టేవి, వాటిని ఆడించే డబ్బా ఎప్పుడో చెడిపోయింది. నిండిన ఫోన్లో కొత్తది పట్టాలంటే పాతది చెరపాలి. అలా ఒకసారి మా చిన్నొదిన పెద్దన్నయ్య షష్టిపూర్తి మొత్తం చెరిపేసి, బదులుగా బంగాళాదుంప వేపుడు వీడియో దాచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. విశాఖపట్నం వెళ్ళి సర్వరు పెట్టె కొన్నాను. చెప్పుల అట్టపెట్టె కన్నా కొంచెం పెద్దది, ముందువైపు సొరుగుల్లాంటి అరలు, ఒక్కో అరలో ఒక్కో డిస్కు. మూడు డిస్కులు పెట్టించాను. విడివిడిగా మూడు కాదు, మూడూ కలిసి ఒకటే గిడ్డంగిలా పనిచేసే ఏర్పాటు. ప్రతి ఫోటోనీ, ప్రతి పాటనీ తునకలు చేసి మూడింట్లోనూ సర్దుకుంటుంది. వాటిలో ఒకటి చెడిపోయినా మిగతా రెండింటి సాయంతో మొత్తం తిరిగి కట్టుకోవచ్చు. రెండు పోతే మాత్రం ఏమీ మిగలదు. డిస్కు చెడిపోతే తట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. అన్నదమ్ములు విడిపోతే తట్టుకునే ఏర్పాటు ఏ కంపెనీ అమ్మడం లేదు.

టీవీ కింద బల్లలో దాన్ని పెట్టి, ఇల్లంతా వైఫై కలిపాను. ఫోన్లన్నీ ఖాళీ చేసి అందులో పోశాను. ఇక ఎవరి గదిలోంచైనా, ఎవరి ఫోన్లోంచైనా, ఏ పెళ్ళి కావాలంటే ఆ పెళ్ళి. అమ్మ దాన్ని పూజ గదిలో పెట్టమంది. వేడెక్కుతుందమ్మా, గాలి కావాలి అంటే, "దేవుడికి మాత్రం ఉక్క పొయ్యదేటే, ఆయన ఉంటన్నాడు కదా" అంది.

మావయ్య ఆదివారాలు వచ్చి మధ్య కుర్చీలో కూర్చుని తన కొడుకు పెళ్ళి వేయించుకునేవాడు. పెళ్ళికూతురి మీదా పెళ్ళికొడుకు మీదా దృష్టి ఉండేది కాదు. "ఆపు, ఆపు. ఎనక్కి తిప్పు. ఆ పంచి కట్టుకున్నోడు ముందు నాకు దణ్ణం పెట్టినాడా, మా బావకి పెట్టినాడా?" ఇదీ ఆయనకి కావలసిన సినిమా.

కొన్నాళ్ళకి అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెయ్యి కొంచెం కదిలేది, కళ్ళు కదిలేవి, మాట మాత్రం తిరిగి రాలేదు. మాటల పుట్ట లాంటి మనిషి. ధాన్యం కొట్టుకి వచ్చిన రైతుని అరుగు మీద కూర్చోబెట్టి వాడి అత్తవారి ఊరు దాకా ఆరా తీసేది. అలాంటి మనిషి నెలల తరబడి మౌనంగా పడుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె పక్కన కూర్చుని, టీవీలో ఆమె మాటలే ఆమెకి వినిపించేదాన్ని. వంటింట్లో, పెరట్లో, మంచం మీద నేను సరదాకి తీసిన ముక్కలు. ఆమె విని నవ్వేది. కళ్ళతో నవ్వేది.

అమ్మ పోయింది. సంవత్సరీకం దాటాక అన్నదమ్ములు వేరు పడాలనుకున్నారు. పెద్ద గొడవలేమీ లేవు, ఎవరి వ్యాపారం వాళ్ళకి పెరిగింది, ఎవరి పిల్లలు వాళ్ళకి పెరిగారు. మావయ్యకి కబురు వెళ్ళింది. వంటవాడికీ వెళ్ళింది.

ఆ రోజు నేనూ ఉన్నాను. ఇల్లూ కొట్లూ పొలమూ అయ్యాయి. ఉయ్యాలబల్ల దగ్గర మావయ్య తన గొప్పతనం చూపించుకున్నాడు: బల్ల చిన్నన్నయ్యకి, గొలుసులు తమ్ముడికి, ఇల్లు వచ్చింది కాబట్టి దూలానికున్న కొక్కేలు పెద్దన్నయ్యకి. నేను అన్నీ చూస్తూ ఊరుకున్నాను. నాకు కావలసింది ఒకటే.

"మావయ్యా, ఆ సర్వరు నాకు ఇప్పించండి. ఇంకేమీ అడగను" అన్నాను.

చిన్నొదిన తలుపు చాటునుంచి అంది. "మా పెళ్ళి అందులోనే ఉన్నాది. పిల్లల పుట్టినరోజులూ అందులోనే ఉన్నాయి. ఆడపడుచు అట్టుకుపోతే మేం మళ్ళీ సూడాలంటే ఇజీనారం ఎల్లాలేటి?"

మావయ్య వక్క కటుక్కుమనిపించాడు. "అందులో ఏటున్నాదే?"

"అమ్మ ఉంది మావయ్యా. అమ్మ మాటలున్నాయి. అందరి పెళ్ళిళ్ళూ ఉన్నాయి."

"అయితే అది ఉమ్మడి ఆస్తి."

"ఉమ్మడిదే. అందుకే దాన్ని పంచక్కర్లేదు. నేను నకళ్ళు తీసి ముగ్గురికీ మొత్తం ఇచ్చేస్తాను. నా దగ్గరా మొత్తం ఉంటుంది. ఎవరికీ వీసమెత్తు తగ్గదు."

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "అందరికీ మొత్తం ఇచ్చీదాన్ని పంపకం అనరే పిల్లా, పందేరం అంతారు. పప్పు బెల్లాలేటి?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వాడు కాబట్టి. ఆ నవ్వుల్లోనే లేచి వెళ్ళి టీవీ బల్ల ముందు వంగి, పెట్టె ముఖం మీద వేలు పెట్టాడు. "ఇయ్యేటి, సొరుగుల్లాగున్నాయి?"

"డిస్కులు మావయ్యా" అన్నాడు చిన్నన్నయ్య, తెలిసినవాడిలాగా ఒకటి బయటకి లాగి చూపించాడు. ఇనప సామాను కొట్టువాడు కదా, ఇనుము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"ఎన్నున్నాయి?"

"మూడు."

మావయ్య ముఖం వెలిగిపోయింది. మా ముగ్గురన్నదమ్ముల వైపూ చూసి, "సూసినారా? తయారు సేసినోడే మూడు వాటాలు సేసి పంపినాడు. నాను పంచక్కర్లేదు" అన్నాడు.

నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. చెప్పాను. అమ్మ ఒక సొరుగులో లేదని, తునకలు తునకలుగా మూడింట్లోనూ ఉందని, విడదీస్తే ఏ ఒక్కదానిలోనూ ఏమీ కనపడదని, రోలూ పొత్రం లాగే అవుతుందని కూడా చెప్పాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది, ఆయనకి రోషం వచ్చింది.

"ఒక్క మనిసి మూడు సొరుగుల్లో ఎలగుంటాదే? సదువుకున్నదానివని ఊరుకుంటన్నాను గాని, సచ్చిపోయిన తల్లిని ముక్కలు సేసినానంతావేటి?"

"మీరు చెయ్యబోతున్నారు" అన్నాను.

పెద్దన్నయ్య నన్ను గసిరాడు. మావయ్య ముందు గొంతు లేపకూడదు. మూడు డిస్కులూ మూడు చేతుల్లోకి వెళ్ళాయి. ముగ్గురూ కళ్ళకద్దుకున్నారు, పసుపుకొమ్ము తీసుకున్నట్టు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

అంతటితో అయిపోతే బాగుండును. ఆయనకి ఇంకా ధర్మం మిగిలి ఉంది. "ఆడపడుచుని ఒట్టి సేతుల్తో పంపకూడదు" అని, తన భార్యని, అంటే మా అత్తని పిలిచి, ఖాళీ పెట్టె మీద జాకెట్టుముక్క, పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టించి నా ఒళ్ళో పెట్టించాడు. డిస్కులు లేని సర్వరు పెట్టె, పసుపూ కుంకుమతో సహా. అందరూ ఎంత బాగా చేశాడో అనుకున్నారు. అత్త ఒక్కతే నా ముఖం చూసి, బొట్టు పెడుతూ, "కోప్పడకే అమ్మా" అని గొణిగింది. ఆయనకి వినపడకుండా మాట్లాడటం ఆమెకి బాగా అలవాటు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో విజయనగరం వచ్చాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఇక్కడ రాయదగినవి కావు.

తరవాత ఏమైందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చిన్నన్నయ్య తన డిస్కుని కొట్లో కంప్యూటరుకి తగిలించాడు. ఇందులో ఏమీ కనపడటం లేదు, శుభ్రం చేసి వాడుకోమంటావా అని అది అడిగింది. అవునన్నాడు. అడిగితే అవునని నొక్కేయడం మా ఇంట్లో అందరికీ ఉంది. ఇప్పుడు ఆ డిస్కులో వాళ్ళ కొట్టు కెమెరా పట్టిన బొమ్మలున్నాయి. మేకులు కొనేవాళ్ళు, గొళ్ళేలు బేరమాడేవాళ్ళు, మధ్యాహ్నం నిద్రపోయే గుమాస్తా. అమ్మలో ఆ వాటా అలా పోయింది.

అయినా ఆశ చావలేదు. రెండుంటే చాలు కదా. పాతపట్నం వెళ్ళి తమ్ముడిని అడిగాను. వాడు దుకాణంలో చీరల బీరువా వెనకనుంచి తీసి వెంటనే చేతిలో పెట్టాడు. "అట్టుకుపో అక్కా, నానేటి సేసుకుంతాను. మావయ్యకి మాత్రం సెప్పకు" అన్నాడు.

మిగిలింది పెద్దన్నయ్యది. ఆయన తన డిస్కుని పసుపు గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టుకున్నాడు. ఎంత అడిగినా ఒకటే జవాబు. "పంచీసింది మళ్ళీ కలపకూడదే. పెద్దమనిసి మాట. ఆయన్ని ఇవ్వమని సెప్పమను, ఇప్పుడే ఇచ్చీస్తాను."

ఆయన దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నాడు. ఒక్క గంటకి ఇప్పించమన్నాను, మళ్ళీ తెచ్చి ఇనప్పెట్టెలో పెట్టేస్తానన్నాను, బతిమాలాను. నేను జీవితంలో ఎవరినీ అంతగా బతిమాలలేదు.

"ఇయ్యాల డబ్బా కలపమంతారు, రేపు గోడ కలపమంతారు, ఎల్లుండి పొయ్యి కలపమంతారు. ఇంక నాను సెప్పిన మాటకి ఇలువేటుంతాది?" అన్నాడు. తరవాత మెత్తబడినట్టు నటించి, "మీ అమ్మ నీ మనసులో లేదేటే? మళ్ళీ డబ్బాలో ఎందుకు?" అన్నాడు. చెప్పు తీసుకుందామనిపించింది. కాళ్ళకి ఉన్నాయి కూడా.

లోపల అత్త మజ్జిగ కలుపుతూ అన్నీ వింది.

ఆ అత్త పోయింది. అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదన్నారు. వెళ్ళి చూసి వచ్చాను. మావయ్య గోడకి ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళు ఎవరు ఏ వరసలో కూర్చోవాలో చెప్తున్నాడు. అప్పటికీ అంతే.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం విజయనగరంలో మా గుమ్మం ముందు గొడుగు ముడుస్తూ నిలబడ్డాడు. చెప్పకుండా వచ్చాడు, ఒక్కడే, బస్సులో. ఆయన ఒక్కడే ఎక్కడికైనా రావడం నేనెప్పుడూ చూడలేదు. టీ ఇచ్చాను. టీవీ వైపు చూశాడు, దాని కింద బల్ల వైపు చూశాడు. ఖాళీ పెట్టె అక్కడే ఉంది.

"అది పని సేస్తన్నాదా?"

"ఖాళీ పెట్టె ఏం పనిచేస్తుంది మావయ్యా?"

టీ చల్లారిపోయేదాకా తాగలేదు. తరవాత, నా వైపు చూడకుండా, "మీ తమ్ముడి కూతురి బారసాలకి మీ అత్త మంగళారతి పాడినాది. నువ్వు ఫోన్లో తీసినావు. గుర్తున్నాదా?"

"గుర్తుంది."

"మొత్తం పాడినాది. మూడు సరణాలూ పాడినాది" అన్నాడు. "అది... ఏ సొరుగులో ఉన్నాదే?"

రాజాంలో అంతమంది ముందు నన్ను చూసి నవ్విన మనిషి మా ఇంట్లో కుర్చీ అంచు మీద కూర్చుని అడిగిన ప్రశ్న అది. నేను నవ్వలేదు. నవ్వాలని ఉంది, రాలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను, చిన్నపిల్లలకి చెప్పినట్టు. ఒక్క సొరుగులో లేదు. రెండు కావాలి. తమ్ముడిది ఇదిగో, నా దగ్గరే ఉంది. పెద్దన్నయ్యది ఇనప్పెట్టెలో ఉంది. మీరు ఒక్క మాట చెప్పండి. సాయంత్రానికల్లా మీ చేతిలో అత్త పాట పెడతాను, నాకు మా అమ్మ మాట దొరుకుతుంది.

చాలాసేపు గొడుగు పిడి తిప్పుతూ కూర్చున్నాడు.

"నాను సెప్పిన మాట నానే ఎలగ తీసీగలనే? ఊరు నవ్వుతాది."

"ఊరికి ఎవరు చెప్తారు?"

"మీ అన్నకి తెలుస్తాది కదా" అన్నాడు. "ఆడి ముందు నాను సిన్నబోనా?"

"నేను అడిగానని చెప్పండి. నా మీద పెట్టండి."

"సూద్దాం" అని లేచాడు. బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను. కిటికీలోంచి కూడా "సూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' పట్టుకుని నేను ఎదురుచూశాను. ఫోను మోగినప్పుడల్లా పెద్దన్నయ్యేమో అనుకున్నాను. ఆయన చెప్పలేదు. భార్య గొంతు ఒకవైపు, పెద్దమనిషి కుర్చీ ఒకవైపు పెట్టి అరచేతిలో ఎగరేసి చూసుకున్నాడు. కుర్చీయే బరువు తూగింది. నిష్పక్షపాతి అంటే ఇదేనేమో.

అలాగే పోయాడు. ఫ్లెక్సీ కట్టారు. ఆ రోజు నేను రాజాంలో బస్సు దిగింది ఆయన పెద్దకర్మకే. భోజనం చేసి, పెద్దగా ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చేశాను.

ఆ వారం తిరక్కుండానే పెద్దన్నయ్య మా ఇంటికి వచ్చాడు. సంచీలోంచి పసుపు గుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన పోయినాడు కదే. ఇంక అడిగీవోళ్ళు లేరు. తగిలించు" అన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. ఇన్నాళ్ళూ మా అమ్మ గొంతు ఒక మనిషి చావు కోసం కాచుకుని కూర్చుందన్నమాట. ఆ మాటే అన్నాను. అన్నయ్య తల దించుకున్నాడు.

"నీకొకటి సెప్పాల. అత్త పోయినాక మావయ్య రోజూ కొట్టుకొచ్చి కూకునీవోడు. ఇనప్పెట్టె ఎదురుగానే కూకునీవోడు. 'లోపలున్నయ్యి బాగున్నాయేటిరా, సెమ్మ పట్టదు కదా' అని అడిగీవోడు. పట్టదు మావయ్యా అనీవోడిని. అంతే. లేసి ఎల్లిపోయీవోడు. నాను ఎండి సామాను గురించి అనుకున్నాను. ఒక్క మాట అడిగుంటే ఇచ్చీవోడిని కాదా?"

"ఇచ్చేవాడివే" అన్నాను. "అందుకే అడగలేదు."

డిస్కులు రెండూ అరల్లో తోశాను. మూడో అర ఖాళీ. పెట్టె పెద్దగా కీచుకీచుమని మొత్తుకుంది, ఒకటి లేదు, ఒకటి లేదు అన్నట్టు. ఎర్ర దీపం వెలిగింది. మేమిద్దరం నేల మీద కూర్చుని చూస్తున్నాం. కాసేపటికి కీచులాట ఆగి, టీవీ మీద బొమ్మల వరసలు ఒక్కొక్కటీ వచ్చాయి. అమ్మ వంటిల్లు. అమ్మ వీపు, జడ. ఇటు తిరిగింది.

"ఏటే, దాన్నట్టుకొచ్చి నా మొకం మీద ఎడతావు? కూర మాడిపోతన్నాది, తప్పుకో!"

మా పెద్దన్నయ్య ధాన్యం బస్తాలు మోయించే మనిషి, గట్టివాడు. కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అది మళ్ళీ మళ్ళీ వేసుకున్నాం. తప్పుకో, తప్పుకో అని అమ్మ మమ్మల్ని ఎన్నిసార్లు తిట్టిందో.

నకళ్ళు తీయడం మొదలుపెట్టాను. ముగ్గురికీ, నాకూ, అందరికీ మొత్తం. అది నడుస్తుండగా అన్నయ్య, "అత్త పాట సూడు ఓపాలి. ఆళ్ళబ్బాయి అడిగినాడు, పంపుదాం" అన్నాడు. వెతికాను. బారసాల. తొట్టి చుట్టూ ఆడవాళ్ళు. అత్త పళ్ళెంలో హారతి వెలిగించి, కొంచెం సిగ్గుపడి, మొదలుపెట్టింది. సన్నటి గొంతు, ఎక్కడా వణకలేదు. ఆమె అంత గట్టిగా నోరు విప్పడం నేను ఇంకెక్కడా వినలేదని అప్పుడు తోచింది. మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకుంది.

"సాలు, సాలు. ఇంక ఆపీ. ఇస్తర్లేసీసినారు."

మావయ్య వీడియోలో లేడు. గొంతు ఒక్కటే, మధ్య కుర్చీ నుంచి. అత్త మాట మధ్యలో ఆగిపోయింది. నా వైపు చూసి, అంటే ఫోను వైపు చూసి, నవ్వి పళ్ళెం దించేసింది. అక్కడితో అయిపోయింది.

అన్నయ్య కండువాతో ముఖం తుడుచుకుని, "ఆ సివరి మాట కోసీసి పంపవే. ఆళ్ళబ్బాయి ఇంతాడు, బాగోదు" అన్నాడు.

కొయ్యడం ఎంతలో పని. కోయలేదు. ఉన్నది ఉన్నట్టు పంపాను.